మృగశిరకు ముందే వల

మా కరీంనగర్ కాలనీ పార్కులో పొద్దున నాతోపాటు నడిచే పెద్దమనుషుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. చిన్నదే. షుగరు పరీక్ష దగ్గర పడిందనగానే వీళ్లు వారం ముందు నుంచి అన్నం మానేస్తారు, జొన్నరొట్టె తింటారు, పార్కు చుట్టూ రెండు రౌండ్లు ఎక్కువ తిరుగుతారు. రిపోర్టు దివ్యంగా వస్తుంది. వచ్చిన సాయంత్రమే జిలేబీ తెప్పించుకొని పండుగ చేసుకుంటారు. నాకూ పెడతారు. నేను జిలేబీకి వ్యతిరేకిని కాను. ఆ రిపోర్టు కాగితాన్ని మాత్రం నా మొహం ముందు ఊపవద్దని చాలాసార్లు మనవి చేశాను.

"సారుకు మన తబియత్ మంచిగుంటె ఓర్వబుద్ధి కాదు" అంటాడు వాళ్లలో ఒకాయన, తహసీల్దారుగా చేసి దిగినాయన.

ఓర్వలేకపోవడం కాదు, వృత్తిరోగం. ఉద్యోగం చేసినన్నాళ్లూ నీళ్లను కొలవడం నేర్పాను. ఏ అంకె కనబడినా అది ఎంత అన్నదాని కంటే ముందు ఎప్పుడు తీశారు అని అడగడం అలవాటైపోయింది. పార్కులో ఈ అలవాటుకు గిరాకీ లేదు.

నేను డిగ్రీ కాలేజీల్లో జువాలజీ చెప్పాను. మొదట ఆదిలాబాద్‌లో, తర్వాత చాలాకాలం మంచిర్యాల వైపు. పాఠాలు అందరూ చెప్పేవే. నేను నా పని అనుకున్నది ఎండాకాలంలో చేసినది. పరీక్షలైపోగానే కొంతమంది డిగ్రీ పిల్లల్ని పోగేసి, చెరువుల మీద పరిశోధన ఎట్లా చేయాలో నేర్పే శిక్షణ అది. ఇప్పుడు కొత్తగా ఆ శిక్షణ నడపబోయే ఇద్దరు లెక్చరర్లు ఈమధ్య ఇంటికొచ్చి "ఎట్లుంటది సార్ గా పని" అని అడిగారు. చాయ్ తాగినంత సేపట్లో చెప్పడానికి నాకు చేతకాలేదు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లు, బిల్లులు, పై ఆఫీసు కాగితాలు ఇందులో లేవు. వాటి గురించి చెప్పేవాళ్లు వేరే చాలామంది దొరుకుతారు.

పులి కోసం వచ్చినవాళ్లు

ఆదిలాబాద్ అడవుల పుణ్యమా అని, మా వైపు పిల్లలకు జీవావరణం అంటే పులి. శిక్షణకు వచ్చిన మొదటిరోజు ప్రతి ఏడూ ఎవరో ఒకరు "అడవికి ఎప్పుడు తీస్కపోతరు సార్" అని అడుగుతారు. మరుసటి రోజు వాళ్లను మోకాళ్ల లోతు బురదలో నిలబెట్టి, ఆ బురదను జల్లెడలో కడిగించి, అడుగున మిగిలిన ఎర్రపురుగుల్ని చూపించేవాణ్ని. వెంట్రుక కన్నా కొంచెం లావుంటాయి. గర్జించవు. అవి ఎక్కువగా, మరేదీ లేకుండా కనబడితే ఆ చెరువు అడుగున ఊపిరి తక్కువైందని అర్థం. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో కనబడే నిరాశను చూసి మీరు బాధపడవద్దు. ఆ నిరాశ తర్వాత కూడా మిగిలేవాళ్లతోనే మీకు పని.

రెండో ఇబ్బంది మర్యాదతో. మన పిల్లలు మర్యాదస్తులు. నీళ్లలో కలిసిన ఆక్సిజన్‌ను కొలవాలంటే గాజు మూత ఉన్న సీసాను నీటి లోపలే, బుడగ రాకుండా నింపాలి. పైనుంచి పోస్తే గాలి కలిసి అంకె పెరుగుతుంది. జమ్మికుంట నుంచి వచ్చిన ఒక విద్యార్థి చెరువు నీళ్లను బకెట్లోకి తీసి, ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్లు కడుక్కోవడానికి పోసినంత శ్రద్ధగా, ఎత్తు నుంచి ధారగా సీసాలోకి పోశాడు. ఆ రోజు ఆ చెరువుకు వచ్చిన అంకె కొండవాగుకు కూడా రాదు. ఇంకొక ఏడు అన్ని గ్రూపులకూ ఒకే అంకె వచ్చింది. ఇంత ఏకాభిప్రాయం నేను పెళ్లి మాటల్లో కూడా చూడలేదని మాత్రం అన్నాను. ఎవరూ నవ్వలేదు. మరుసటి రోజు నుంచి అంకెలు విడివిడిగా రావడం మొదలుపెట్టాయి.

నాకు ఈ పని నేర్పినాయన ఆదిలాబాద్‌లో మా హెడ్. నేను చేరిన కొత్తలో ఒక చెరువు కొలతలన్నీ అందంగా గ్రాఫు గీసి చూపించాను. ఆయన గ్రాఫు చూడలేదు. "ఎప్పుడు?" అన్నారు. "మే నెల సార్" అన్నాను. "నెల నన్నడుగుతె నేనే చెప్దును. పొద్దు యాడున్నప్పుడు తీసినవ్?" అన్నారు. నాకు గుర్తు లేదు. గ్రాఫు తిరిగి నా చేతికిచ్చి, "బొమ్మ మంచిగున్నది, గోడకు పెట్టుకో" అన్నారు. నా పైఅధికారుల్లో నాకు పనికొచ్చిన మాట చెప్పినవారు ఆయనొక్కరే. తక్కిన వాళ్లు మంచి మాటలు చాలా చెప్పారు.

అప్పటినుంచి నా పిల్లలకు ఒకటే నియమం పెట్టాను. అంకె పక్కన గంట రాయాలి. గంట లేని అంకెకు నేను మార్కు వేయను.

డ్రైవరు టిఫిను చేసిన తర్వాత

మా కాలేజీ బస్సు పొద్దున తొమ్మిది దాటాక కదిలేది. డ్రైవరు నస్పూరు నుంచి రావాలి, టిఫిను చేయాలి, టైర్లు తన్ని చూడాలి. చెన్నూరు వైపు చెరువుల దగ్గరికి మేము చేరేసరికి పదిన్నర. ఎండ నెత్తికెక్కుతుండేది. నేను ప్రిన్సిపాల్ గారిని చాలాసార్లు అడిగాను, కనీసం ఒక్కరోజన్నా తెల్లవారకముందు బయలుదేరనివ్వమని.

"ఆడపిల్లలున్నరు. చీకట్ల చెరువు కట్ట మీదికి పంపుతమా? పేపర్ల పడితె నువ్వొస్తవా జవాబు చెప్ప?" అన్నారాయన.

ఆయన భయం అబద్ధం కాదు. నాకూ ఆడపిల్లలున్నారు. కానీ దాని ఫలితం మీరు గమనించాలి. మా ప్రాంతపు చెరువుల గురించి మా కాలేజీ దగ్గరున్న జ్ఞానమంతా డ్రైవరు టిఫిను చేసిన తర్వాతి జ్ఞానం.

ఇది ఎందుకు ముఖ్యమో ఈ పనికి కొత్తవాళ్ల కోసం చెబుతాను. పచ్చగా ఉన్న చెరువు నీళ్లలో కంటికి కనబడనంత చిన్న పాచి కోట్ల కొద్దీ ఉంటుంది. ఎండలో ఆ పాచి నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గుంకాక వదలడం ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. పాచి, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి పగలు కూడిందాన్ని ఖర్చు పెడతాయి. కాబట్టి చెరువుకు అన్నిటికంటే కష్టకాలం తెల్లవారే ముందు. పదిన్నరకు వెళ్లి అడిగితే ఏ చెరువైనా బాగానే ఉన్నానంటుంది.

రజిత తెచ్చిన రెండు సీసాలు

రజిత బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా శిక్షణకు వచ్చింది. చెన్నూరు దగ్గర ఒక ఊరు వాళ్లది. ఆమె బాపు అని పిలిచే తండ్రి పోషం ఆ ఊరి మత్స్యకారుల సొసైటీలో సభ్యుడు, అవ్వ అని పిలిచే తల్లి చెన్నూరు అంగట్లో చేపలమ్ముతుంది. మేము ఆ ఏడు తీసుకున్న చెరువుల్లో వాళ్ల ఊరిదీ ఒకటి. మొదటిరోజు పులి గురించి అడగని పిల్ల ఆమె. ఎర్రపురుగుల్ని చూసి, "గివి మా చెరువుల మస్తున్నయ్ సార్, బంగారుతీగ చేపలు వీటినే తింటయ్" అంది. చేపల వాళ్ల పిల్ల కాబట్టి తెలిసి ఉంటుందని ఊరుకున్నాను.

మే నెల సగం అయ్యేసరికి ఆమె వాళ్ల చెరువు అంకెలు తెచ్చి నా ముందు పెట్టింది.

"సార్, గిది చూడున్రి. ఆక్సిజన్ మస్తున్నది."

"మంచిదే కదా."

"మంచిది గాదు సార్. గింత ఎందుకుండాలె? తక్కిన చెరువులల్ల దీంట్ల సగం గూడ లేదు. పదిన్నరకే గింతున్నదంటే పాచి ఎంతుండాలె? గా పాచి అంత రాత్రి ఏం తింటది?"

నేను ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. నా ప్రశ్నను తిరిగి నన్నే అడిగినవాళ్లు చాలా తక్కువ. "పోయి చూస్తే తెలుస్తుంది. బస్సు మాత్రం రాదు" అన్నాను.

"బస్సెందుకు సార్, మా ఇల్లు చెరువు కాణ్నే."

ఆ వారం సెలవుకు ఇంటికి పోయేటప్పుడు సీసాలు, పరీక్షకు కలిపే రెండు మందులూ వెంట తీసుకుపోయింది. సోమవారం తిరిగొచ్చి రెండు సీసాలు నా బల్ల మీద పెట్టింది. ఈ పరీక్ష తెలియని వాళ్ల కోసం: నీళ్లలో ఆ మందులు కలిపితే అడుగున మడ్డి పేరుకుంటుంది. ఆక్సిజన్ ఉంటే మడ్డి ముదురు గోధుమరంగులో ఉంటుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. సాయంత్రం తీసిన సీసా గోధుమరంగు. తెల్లవారుజామున, బాపుతో కలిసి తెప్ప మీద పోయి తీసిన సీసా సున్నంలాగా తెల్లగా ఉంది.

ఇలాంటప్పుడు గురువు చేయవలసిన మొదటి పని మెచ్చుకోవడం కాదు. అనుమానించడం. మందు తప్పు పోశావేమో అన్నాను. పోయలేదంది. మూత సరిగ్గా పెట్టలేదేమో అన్నాను. పెట్టానంది. సరే, రేపు నేనే వస్తానన్నాను.

మరునాడు చీకటి విడిచే వేళకు మోటర్‌సైకిల్ మీద వాళ్ల చెరువు కట్ట చేరాను. పోషం థర్మకోల్ తెప్ప సిద్ధంగా ఉంచాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "జర మెల్లగ కూసోన్రి సారూ, పల్టీ కొడతది" అన్నాడు. ఆ రోజుకు అదే ఆయన ఉపన్యాసం. చెరువు సగానికి పైగా ఎండిపోయింది. మిగిలిన నీళ్లు కూరగాయల మార్కెట్లో పాలకూర రంగులో ఉన్నాయి. ఆ నీళ్లంతటా బొచ్చె, రవ్వ చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. మంద మందే పైకొచ్చింది. మూడు చోట్ల సీసాలు నింపాం. మూడూ తెలుపే.

పొద్దు పొడిచి కాసేపయ్యాక చేపలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. పదిన్నరకు ఎవరైనా వస్తే చెరువు నున్నగా, ప్రశాంతంగా కనబడేది.

చాయ్, పాలు

ఇక్కడ మృగశిర గురించి చెప్పాలి. మృగశిర కార్తె మొదలయ్యే రోజు మా వైపు చేప తినని ఇల్లు అరుదు. ఉబ్బసం ఉన్నవాళ్లు తింటారు, లేనివాళ్లు రాకుండా తింటారు. ఆ రోజు ధర మామూలు ధరకు చుట్టం కాదు. అందుకే సొసైటీలన్నీ పెద్ద వలను అప్పటిదాకా ఆపుకుంటాయి. ఆ ఊరి సొసైటీ కూడా అంతే. ఆపుకోవడమే కాదు, అప్పటికి చేప బలవాలని కోళ్ల ఎరువు, తవుడు చెరువులోకి దండిగా వేశారు. పాచి అంత పెరగడానికి ఒక కారణం అదే.

ఏడాదంతా చూసుకున్న చేప ఆ నీళ్లలో ఉంది. రోజూ ఎండ కాస్తున్నంత వరకు తెల్లవారి గండం గట్టెక్కుతుంది. రెండు రోజులు మబ్బు పట్టి, గాలి ఆగితే పగలు నిండేది ఉండదు. అప్పుడు మూతులు పైకి పెట్టినా లాభం లేదు. మృగశిరకు ఇంకా మూడు వారాలుంది. ఇప్పుడే వల వేస్తే ధర పోతుంది. ఆగితే చేపే పోవచ్చు. రజితకు ఇది చెప్పక తప్పదు. చెప్పడానికి ఆమె దగ్గరున్నది రెండు సీసాలు.

సొసైటీ షెడ్డులో మీటింగు పెట్టించింది పోషం. అధ్యక్షుడు రాజమల్లు రజితకు వరుసకు పెద్దబాపు. పెద్దమనిషి, వేళాకోళం మనిషి.

"ఏంది సారూ, మా చెరువుకు బీమారచ్చిందట గద. మా డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు. అందరూ నవ్వారు.

రజిత రెండు సీసాలు ముందు పెట్టింది.

"గిండ్ల చాయ్ ఏది, పాలేది?" అన్నాడెవరో వెనక నుంచి. మళ్లీ నవ్వారు. రజిత కూడా నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. రాత్రి నీళ్లలో ఏమవుతుందో, తెల్లవారి చేపలు ఎందుకు పైకొస్తున్నాయో. పుస్తకం మాట ఒక్కటీ వాడలేదు. నాకంటే బాగా చెప్పింది.

"చేపలు పైకొస్తున్నయ్ అంటవ్" అన్నాడు రాజమల్లు. "ఏటేట వస్తయ్ బిడ్డా. పొద్దు పొడవంగనే దిగుతయ్. నువ్వు పుట్టకముందుసంది చూస్తున్న."

"దిగుతయ్ పెద్దబాపూ. ఎండ కొడితె దిగుతయ్. కొట్టకుంటె?"

"ఎండకాలంల ఎండ కొట్టకుంటదా!"

"రోహిణిల మొగులు పడ్తలేదా? పోయినేడు పడలేదా?"

"పడ్డది. చేప సచ్చిందా?"

"పోయినేడు నీళ్లు ఎక్కువున్నయ్. ఎరువు గింత వెయ్యలే."

రాజమల్లు తెల్ల సీసా చేతిలోకి తీసుకున్నాడు. "సరే. మొగులు పడ్తదా గీ ఏడు?"

"తెల్వది."

"పడితె చేప సస్తదా?"

"సావచ్చు."

"సావచ్చునా, సస్తదా? ఒక్కటి చెప్పు బిడ్డా. సావచ్చు అంటె దాని మీద వల వేస్తరా?"

ఆమె నా వైపు చూసింది. అందరూ నా వైపు చూశారు. రాజమల్లు, "సారూ, పెద్దోనివి, నువ్వు చెప్పు" అన్నాడు.

ఈ వృత్తిలో మీకూ ఈ ఘడియ వస్తుంది. 'చస్తాయి' అని ఒక్క మాట అంటే షెడ్డు మొత్తం లేచి వలలు తీస్తుంది. ఆ మాట అనడానికి నా దగ్గర ఆధారం లేదు. "చావొచ్చు" అన్నాను.

"ఇద్దరిదీ ఒక్కటే సదువు" అన్నాడు వెనక ఉన్న చాయ్-పాల ఆయన.

అప్పుడు పోషం లేచాడు. ఆ సొసైటీలో ఒక రివాజుంది. ఎవరి మాట మీద పెద్ద వల దిగుతుందో, ఆ ఏటి చేపకు వాళ్ల పేరే ఉంటుంది. మంచిగా పడితే 'ఫలానా వాళ్ల ఏడు' అని చాలాకాలం చెప్పుకుంటారు. చెడిపోతే ఇంకా ఎక్కువ కాలం చెప్పుకుంటారు. అందుకని సాధారణంగా రాజమల్లు తప్ప ఎవరూ ఆ మాట అనరు.

"తీద్దాం అన్నా" అన్నాడు పోషం. "నా బిడ్డ తోటి నేనే పోయిన. సీస నా చేత్తోని ముంచిన. నా మాట మీద దించున్రి."

ఎవరూ నవ్వలేదు. రాజమల్లు, "ఆలోచించుకో పోషం" అన్నాడు.

"ఆలోచించిన."

రజిత తల దించుకుంది. ఆమె అడగకపోయినా బాపు తన పేరు పందెం పెట్టాడు. సీసా తెల్లగా ఉందన్నది తప్ప ఆ పందేనికి వెనక దన్ను లేదు.

ఏమీ కాలేదు

ఆ వారమే వల దించారు. ఐసు పెట్టెలతో వచ్చిన వ్యాపారి గట్టు మీద నిలబడి, "మృగశిర కాక ముందు ఎవలు తింటరు, నాకేం తొందర" అని ధర చెప్పాడు. మంచి ధర చెప్పవలసిన అవసరం అతనికి లేదు, చెప్పలేదు. బొచ్చెలు ఇంకా బలవాల్సినవి. వాటిని తూకంలో వేస్తున్నప్పుడు సొసైటీ వాళ్ల ముఖాలు నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి పాచి గురించి రజితతో అనవసరమైన ప్రశ్నలు కొన్ని అడిగాను. పెద్ద చేప మొత్తం అమ్ముడుపోయింది. చిన్నవి, వలకు దొరకనివి కొన్ని మిగిలాయి.

మృగశిరకు కొన్ని రోజుల ముందు మబ్బు పట్టింది. ఊరంతా ఉక్కపోసింది, ఆకు కదలలేదు. రెండో రోజు తెల్లవారక ముందే నేను వెళ్లాను. రజిత అప్పటికే కట్ట మీద ఉంది. మిగిలిన చిన్న చేపలు అక్కడక్కడ పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. సీసాలో మడ్డి పూర్తిగా తెలుపు కాదు, పలుచని మట్టిరంగు తిరిగింది. ఉన్న కాస్త చేపకు అది సరిపోయింది. మధ్యాహ్నం గాలి లేచింది, చినుకులు పడ్డాయి. ఒక్క చేప చావలేదు.

నా అభిప్రాయం నేను దాచుకోను. ఆ పెద్ద చేపంతా ఆ రోజు నీళ్లలో ఉండి ఉంటే, ఎక్కువ భాగం వెల్లకిలా తేలేదని నేను నమ్ముతున్నాను. నమ్ముతున్నాను అనే మాటే రాయగలను. తీసేసిన చేప ఎంత ఊపిరి పీల్చి ఉండేదో కొలిచే సీసా ఎవరూ తయారు చేయలేదు.

పక్క ఊరి సొసైటీ మృగశిర దాకా ఆగింది. వాళ్ల చెరువు లోతు ఎక్కువ, నీళ్లు ఇంత పచ్చగా లేవు. వాళ్లకు ఏమీ కాలేదు. మృగశిర నాడు ట్రాలీల మీద చేప నింపుకొని, రజిత వాళ్ల ఊరి నడుమ నుంచే చెన్నూరు పోయారు. ఆ ట్రాలీలను ఆ ఊళ్లో చూడనివాళ్లు లేరు. రెండు చెరువుల లోతు తేడా నేను షెడ్డులో వివరించాను. శ్రద్ధగా విన్నారు. మన పిల్లల్లాగే వాళ్లూ మర్యాదస్తులు.

ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. వైద్యుడికి బతికిన రోగి కనబడతాడు. ఇంజినీరుకు నిలిచిన వంతెన కనబడుతుంది. మీరు చెప్పింది విని జనం జాగ్రత్తపడితే మీకు కనబడేది ఖాళీ చెరువు. మీ మాట నిజమని చెప్పేందుకు అక్కడ ఏమీ మిగలదు. ఇది మీకు సరిపడకపోతే వేరే పని చూసుకోండి. దాన్ని నేను పిరికితనం అనను. పిల్లల్ని మాత్రం ఈ సంగతి చెప్పకుండా నీళ్లలోకి దించకండి. నీళ్ల లోతు చెప్పినట్టే ఇదీ చెప్పాలి.

మృగశిర నాడు

మృగశిర నాటి సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. శిక్షణ ముగింపు దగ్గర పడింది, రజిత మూడు రోజులుగా కాలేజీకి రాలేదు. రాకపోవడం ఆమె అలవాటు కాదు.

ఊరి మూల మీద కల్లు దుకాణం ముందు ఇద్దరు నన్ను చూసి దారి చూపించారు. "పోషం ఇల్లా? గీ ఏడు పోషందే గద సారూ" అన్నాడొకడు. రెండోవాడు వాడి భుజం మీద చరిచాడు. ఇద్దరూ నవ్వాపుకోలేకపోయారు.

ఇంటి ముందు పందిరి కింద పోషం వల బాగుచేసుకుంటున్నాడు. రజిత అవ్వ ఇంకా అంగడి నుంచి రాలేదు. పక్క ఊరి చేపనే కొని అమ్మడానికి పోయిందని రజిత చెప్పింది. నాకు కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. చాలాసేపు ముగ్గురం ట్రాక్టర్ల గురించి, ఎండ గురించి మాట్లాడుకున్నాం.

"రేపు రావాలి రజితా" అన్నాను చివరికి. "నీ రిపోర్టు ఒక్కటే మిగిలింది."

"ఏం రాయాలె సార్?"

"చూసింది రాయి."

"చూసిందంటె..." ఆమె గోడకానుకొని నిలబడింది. "తెల్లారి సీస తెల్లగున్నదని రాస్త. చేప తీసిన్రని రాస్త. తర్వాత మొగులు పడ్డదని రాస్త. ఆకరికి ఏమైందని రాయాలె? ఏం కాలేదని రాయాల్నా?"

"అవును. ఏమీ కాలేదనే రాయాలి. చేప తక్కువ ఉంది కాబట్టి అని కూడా రాయి. ఖచ్చితంగా తెలియదని కూడా రాయి."

"గది చదివితె షెడ్డుల నవ్వుతరు సార్."

"నవ్వుతారు."

"బాపును పోయినారం సంది పేరు పెట్టి పిలుస్తలేరు. పోషం ఏడు, పోషం ఏడు అంటున్నరు. చాయ్ హోటల్‌కు పోతలేడు." ఆమె గొంతు తగ్గించలేదు, బాపుకు వినబడాలనే అన్నట్టుంది. "నేను చెప్పింది తప్పా సార్?"

"నాకు తెలిసినంతలో తప్పు కాదు."

"మరి గట్ల షెడ్డుల చెప్పున్రి ఒకపారి."

చెప్పానని, మళ్లీ చెబుతానని అన్నాను. ఆ మాట నాకే పలుచగా వినబడింది. పోషం ఇదంతా వింటున్నాడు. వల తాడును పంటితో కొరికి ముడి బిగించాడు. తల ఎత్తలేదు. ఆయన గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. బజారుకు పోయినప్పుడు ఇంకొక వస్తువు కూడా తేవలసిందని గుర్తుచేసినంత మామూలుగా అన్నాడు.

"ఓ నాలుగు చేపలు సచ్చినంక చెప్పకపోతివా బిడ్డా."